బిళ్ళగన్నేరు: కణజాల వర్ధనంలో హార్మోన్ల పాత్ర

బిళ్ళగన్నేరు (కాథరాంథస్ రోసియస్) మడగాస్కర్‌కు చెందిన ఔషధ మొక్క. తెలుగువారి పెరళ్లలోనూ విరివిగా కనిపిస్తుంది. దీని ఆకుల్లోని విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే ఆల్కలాయిడ్లను క్యాన్సర్ చికిత్సలో వాడతారు. ఇవి అత్యల్ప పరిమాణంలో ఉండటంతో శాస్త్రవేత్తలు మొక్క కణాలను ప్రయోగశాలలో పెంచే కణజాల వర్ధనం వైపు మళ్లారు.

హార్మోన్ల ప్రభావం: ఆక్సిన్ అనే మొక్కల హార్మోన్ వాటా ఎక్కువైతే వేళ్లు, సైటోకైనిన్ అనే మరో హార్మోన్ వాటా ఎక్కువైతే చిగుళ్లు పుడతాయని 1957లో స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు పొగాకు కణజాలంలో చూపారు. బిళ్ళగన్నేరు కణాల్లో 2,4-డి అనే కృత్రిమ ఆక్సిన్ పెరుగుదలకు తోడ్పడినా ఆల్కలాయిడ్ల తయారీని అణచివేస్తుంది. సైటోకైనిన్లు అజ్మలిసిన్ అనే ఆల్కలాయిడ్‌ను పెంచుతాయి. మిథైల్ జాస్మొనేట్ అనే హార్మోన్ ఓర్కా3 అనే నియంత్రక ప్రోటీన్ ద్వారా ఆల్కలాయిడ్ జన్యువులను మేల్కొలుపుతుంది.

పరిమితి: విన్‌బ్లాస్టిన్‌కు ముడిపదార్థాల్లో ఒకటైన విండొలిన్ తయారవ్వాలంటే ఆకులాంటి ప్రత్యేక రూపం పొందిన కణజాలం కావాలి. అందువల్ల కణాల ముద్దలో హార్మోన్లు మార్చినంత మాత్రాన విన్‌బ్లాస్టిన్ చెప్పుకోదగ్గంత రాదు.