ఇండియన్ ఓపెన్ స్నూకర్: హైదరాబాద్, విశాఖ పోటీలు, 2017–18 సీజన్

ఇండియన్ ఓపెన్ ప్రొఫెషనల్ స్నూకర్ సర్క్యూట్‌లో భాగంగా భారతదేశంలో జరిగిన ర్యాంకింగ్ టోర్నీ. 2013 నుంచి 2019 వరకు ఐదుసార్లు నిర్వహించారు. అందులో రెండుసార్లు, అదీ వరసగా, తెలుగువారి నగరాలే వేదికలయ్యాయి: 2016 జులైలో హైదరాబాద్, 2017 సెప్టెంబరులో విశాఖపట్నం. విజేతకు దక్కేది 50,000 పౌండ్లు. స్నూకర్ లెక్కల్లో ఇది పెద్ద మొత్తం కాదు. అయినా ఈ రెండు పోటీలూ ఇద్దరు స్కాట్లండ్ ఆటగాళ్ళ చరిత్రలో గట్టిగా నిలిచిపోయాయి.

నేపథ్యం

స్నూకర్ పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్ సైనికాధికారుల మెస్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి బిలియర్డ్స్ బల్ల మీద రంగు బంతులు చేర్చి ఈ ఆటకు రూపమిచ్చాడని అంటారు. ఇతనూ తర్వాతి కాలపు బ్రిటిష్ ప్రధాని చాంబర్లేన్ ఒకరు కారు. 1882లో ఊటీ క్లబ్బులో నియమాలు రాసి గోడకు తగిలించారు. అప్పట్లో ఊటీ మద్రాసు ప్రెసిడెన్సీకి వేసవి రాజధాని. అయితే దొరల క్లబ్బుల గోడలు దాటి ఆట ఊళ్ళలోకి రావడానికి చాలా కాలం పట్టింది. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, గుడ్డ కింద పలకరాయి ఉన్న బల్లను కొని, ఒక గదిలో నిలబెట్టి, సమంగా ఉంచడం ఖర్చుతో కూడిన పని. క్యారమ్ బోర్డు ఉన్నన్ని ఊళ్ళలో స్నూకర్ బల్ల లేకపోవడానికి అసలు కారణం ఇదే.

ప్రపంచ చాంపియన్‌షిప్ 1927లో ఇంగ్లండులో మొదలైంది. జో డేవిస్ తొలి విజేత. హైదరాబాద్ విషయానికొస్తే, ఇండియన్ ఓపెన్‌కు ముందే 2009లో ఇక్కడ ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ పోటీ జరిగింది. ఇంగ్లండుకు చెందిన ఆల్ఫీ బర్డెన్ గెలిచాడు.

ర్యాంకింగ్ ఎలా లెక్కిస్తారు

ర్యాంకింగ్ జాబితా 1976లో మొదలైంది. అంతకు ముందు మూడేళ్ళ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫలితాలే దానికి ఆధారం. మొదటి నంబర్ వన్ వేల్స్ ఆటగాడు రే రియర్డన్. తర్వాత దశాబ్దాల పాటు ఏ రౌండు దాకా వెళితే ఎన్ని పాయింట్లన్న పట్టిక నడిచింది. 2014–15 సీజన్ నుంచి పాయింట్ల బదులు డబ్బునే లెక్కలోకి తీసుకున్నారు. ర్యాంకింగ్ టోర్నీల్లో రెండేళ్ళలో సంపాదించిన ప్రైజ్‌మనీ మొత్తమే ఆటగాడి స్థానాన్ని నిర్ణయిస్తుంది. బ్యాంకు పాసుబుక్కు లాంటి లెక్క ఇది: కొత్త టోర్నీ సొమ్ము జమ అవుతుంటే, రెండేళ్ళ నాటిది తీసివేతలోకి పోతుంది.

జాబితాలో పైనున్న 16 మందికి ప్రపంచ చాంపియన్‌షిప్ ప్రధాన డ్రాలో నేరుగా చోటు దొరుకుతుంది. సీజన్ ముగిసేసరికి తొలి 64 స్థానాల్లో ఉన్నవారు సర్క్యూట్‌లో కొనసాగుతారు. కిందివారికి ఆ హామీ ఉండదు. నంబర్ వన్ ఎవరన్న దానిమీదే పత్రికల్లో చర్చ నడుస్తుంది గానీ, ఆటగాడి బతుకుతెరువును తేల్చేది 64వ స్థానం దగ్గర జరిగే పోరు.

హైదరాబాద్, విశాఖపట్నం

తొలి ఇండియన్ ఓపెన్ 2013 అక్టోబరులో ఢిల్లీలో జరిగింది. ముంబయి కుర్రాడు ఆదిత్య మెహతా ఫైనల్ చేరి, ర్యాంకింగ్ టోర్నీ ఫైనల్ ఆడిన మొదటి భారతీయుడయ్యాడు. చైనా ఆటగాడు డింగ్ జున్‌హుయ్ చేతిలో 0–5తో ఓడాడు. డింగ్ ఆ సీజన్లో గెలిచిన ఐదు ర్యాంకింగ్ టైటిళ్ళలో ఇదొకటి. 2015లో ముంబయి పోటీని వేల్స్‌కు చెందిన మైకేల్ వైట్ గెలుచుకున్నాడు.

మూడోది హైదరాబాద్‌కు వచ్చింది. గ్లాస్గోకు చెందిన 25 ఏళ్ళ ఆంథనీ మెగిల్ ఫైనల్లో కైరెన్ విల్సన్‌ను 5–2తో ఓడించాడు. మెగిల్‌కు అది తొలి ర్యాంకింగ్ టైటిల్. ఓడిన విల్సన్ 2024లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

మరుసటి ఏడాది సెప్టెంబరు 12 నుంచి 16 వరకు విశాఖలోని నోవోటెల్ హోటల్లో పోటీలు జరిగాయి. 2017–18 సీజన్లో ఇది నాలుగో ర్యాంకింగ్ టోర్నీ. క్వాలిఫయింగ్ రౌండు ఇంగ్లండులోనే ముగించి, నెగ్గినవారిని ఇక్కడికి రప్పించారు. సెమీఫైనల్ దాకా ప్రతి మ్యాచ్‌లో నాలుగు ఫ్రేములు ముందుగా గెలిచినవారిదే విజయం; ఫైనల్లో ఐదు. ఇంత చిన్న మ్యాచ్‌లలో ఒక్క తప్పు షాట్‌కే పెద్ద ఆటగాడు ఇంటిదారి పడతాడు. పైగా సముద్రతీరపు తేమ. తేమ పీల్చిన గుడ్డ మీద బంతి బరువుగా దొర్లుతుంది, కుషన్‌ను తాకి తిరిగొచ్చే కోణం మారుతుంది. అందుకే పెద్ద టోర్నీల్లో పలకరాయి కింద హీటర్లు పెట్టి బల్లను వెచ్చగా ఉంచుతారు.

ఫైనల్‌కు డిఫెండింగ్ చాంపియన్ మెగిల్ మళ్ళీ వచ్చాడు. ఎదురుగా అతని దేశస్థుడే, నాలుగుసార్లు ప్రపంచ విజేత జాన్ హిగిన్స్. 42 ఏళ్ళ హిగిన్స్ 5–1తో పోటీని ఏకపక్షం చేసేశాడు. అది అతని 29వ ర్యాంకింగ్ టైటిల్. అప్పటిదాకా 28 టైటిళ్ళతో స్టీవ్ డేవిస్, రోనీ ఓ సలివన్‌ల సరసన ఉన్నవాడు విశాఖలో వారిని దాటి, 36 టైటిళ్ళ స్టీఫెన్ హెండ్రీ తర్వాతి స్థానంలో నిలిచాడు. ఆ రెండో స్థానం ఎంతోకాలం నిలవలేదు. మరుసటి నెలలోనే ఇంగ్లిష్ ఓపెన్ గెలిచి ఓ సలివన్ లెక్క సమం చేశాడు.

ఆ సీజన్ మిగతా కథ

2017–18లో మొత్తం 20 ర్యాంకింగ్ టోర్నీలు జరిగాయి. ఓ సలివన్ ఒక్కడే ఐదు గెలిచాడు. పది నిమిషాల్లో ఒకే ఫ్రేముతో మ్యాచ్ తేలిపోయే షూట్ ఔట్‌ను కూడా ర్యాంకింగ్ టోర్నీగానే లెక్కించారు; దాన్ని సైప్రస్ ఆటగాడు మైకేల్ జార్జియో గెలిచాడు. నెలల తరబడి సాధన చేసిన ఆటను గడియారానికి కట్టేసి, దానికీ ర్యాంకింగ్ విలువ ఇవ్వడం సమంజసంగా కనిపించదు.

2018 మేలో షెఫీల్డ్‌లో ప్రపంచ ఫైనల్. హిగిన్స్ 16–18తో మార్క్ విలియమ్స్ చేతిలో ఓడాడు. విలియమ్స్‌కు 4,25,000 పౌండ్లు, ఓడిన హిగిన్స్‌కు 1,80,000. అంటే విశాఖలో ట్రోఫీ ఎత్తినప్పటికన్నా షెఫీల్డ్‌లో ఓడినప్పుడే అతని ర్యాంకింగ్ ఖాతాలో మూడున్నర రెట్లకు పైగా జమ అయింది. అదే పోటీలో తొలి రౌండులోనే ఇంటిముఖం పట్టిన మార్క్ సెల్బీ నంబర్ వన్‌గానే మిగిలాడు; 2017 ప్రపంచ టైటిల్‌తో వచ్చిన 3,75,000 పౌండ్లు రెండేళ్ళ లెక్కలో ఇంకా ఉండటమే కారణం. డబ్బుతో లెక్కించే పద్ధతి తేలిగ్గా అర్థమవుతుంది, కానీ ఒక్క టోర్నీకే అంత బరువిస్తే మిగతా పందొమ్మిదింటి విలువ పలచబడుతుంది.

తర్వాతి ఇండియన్ ఓపెన్ 2019లో కొచ్చిలో జరిగింది. ఇంగ్లండుకు చెందిన మాథ్యూ సెల్ట్ విజేత. ఆ తర్వాత ఈ టోర్నీని నిర్వహించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ప్రొఫెషనల్ స్నూకర్ ర్యాంకింగ్ టోర్నీ విశాఖది ఒక్కటే.