బాటసారి తీగ

గిల్‌ఫర్డ్ దగ్గర ఇల్లు కొనుక్కున్న మొదటి ఏడాది నేను చేసిన ఘనకార్యం పెరటి కంచె శుభ్రం చెయ్యడం. కంచె పొదల మీద అడ్డదిడ్డంగా అల్లుకున్న తీగ ఒకటి ఉండేది. చలికాలంలో దాని నిండా తెల్లటి దూదిపింజల్లాంటి గింజల గుత్తులు. పిచ్చిమొక్క అనుకుని వేళ్ళతో సహా పీకించి, ఆ చోట నర్సరీ నుంచి తెచ్చిన క్లెమాటిస్ జాక్మానీ నాటాను. కొన్నాళ్ళకి అరచేతంత ఊదారంగు పూలు పూసింది. మా ఆవిడ ఫోటోలు తీసి విజయవాడ పంపింది.

పక్కింటి పెద్దావిడ మాత్రం మెచ్చుకోలేదు. "గోల్డ్‌ఫించ్ పిట్టలు ఈసారి రాలేదు, గమనించారా?" అంది. నేను పీకించిందీ క్లెమాటిస్సేనట!

ప్రోగ్రాములో తప్పు దొరికితే అది ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్ళి వెతకడం మా వృత్తిలో అలవాటు. ఇక్కడా అదే పని చేశాను.

నేను పీకించింది క్లెమాటిస్ విటాల్బా. బ్రిటన్‌లో అనాదిగా పెరిగే క్లెమాటిస్ ఇదొక్కటే. దారి పక్క కంచెలకి అందమిచ్చి నడిచేవాళ్ళని సంతోషపెడుతుందని, 1597లో జాన్ జెరార్డ్ తన మూలికల గ్రంథంలో దీనికి 'ట్రావెలర్స్ జాయ్' అని పేరు పెట్టాడు. బాటసారి ఆనందం! పొట్ట చేతపట్టుకుని ఇంత దూరం వచ్చిన బాటసారిని, నేను దాన్నే పీకి పారేశాను.

జాక్మానీ కథ వేరు. 1850లో రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి లానుజినోసా అనే పెద్దపూల క్లెమాటిస్‌ని ఇంగ్లండుకి చేర్చాడు. ఈస్టిండియా కంపెనీ కోసం చైనా తేయాకు మొక్కల్ని హిమాలయాలకి తరలించిందీ ఈయనే. మా పక్క ఊరు వోకింగ్‌లోని జాక్మన్ నర్సరీ వాళ్ళు 1858లో ఆ చైనా తీగని, దక్షిణ యూరప్ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ విటిసెల్లా సంతతితో కలిపారు. 1862లో పూసింది. మరుసటేడు రాయల్ హార్టికల్చరల్ సొసైటీ సర్టిఫికెట్ ఇచ్చింది. ఇక పెద్దపూల మోజు ఊరూరా పాకింది. ఆ శతాబ్దం చివరికి విల్ట్ అనే బూజు తెగులు పట్టుకుని, నవనవలాడే తీగలు ఉన్నట్టుండి వాడిపోవడంతో ఆ మోజూ తగ్గింది.

మన దేశానికీ ఈ కథలో వాటా ఉంది. హిమాలయాల మోంటానా తీగని 1831లో ఇంగ్లండుకి పరిచయం చేసింది ఒకప్పటి గవర్నర్ జనరల్ భార్య లేడీ ఆమ్‌హర్స్ట్. మన కొండల్లో పెరిగే గౌరియానా క్లెమాటిస్‌కి ఆ పేరు పెట్టింది విలియం రాక్స్‌బర్గ్. కలకత్తా వెళ్ళక ముందు మన సామర్లకోటలో మొక్కలు పెంచిన డాక్టరుగారే!

ఇంత చరిత్ర ఉన్న జాక్మానీ, మా పెరటి ప్రాణులకి పెట్టింది మాత్రం తక్కువే. విటాల్బా పూలకి తేనెటీగలు వస్తాయి. గింజలు పిట్టలకి తిండి, వాటి నూగు గూళ్ళకి మెత్త. స్మాల్ ఎమరాల్డ్, హావర్త్స్ పగ్ అనే మాత్‌ల గొంగళిపురుగులు ఈ తీగ మీదే పెరుగుతాయి. పూల సైజు చూసిన నేను ఇవేవీ చూడలేదు.

అలాగని స్వదేశీ మొక్క మంచిది, విదేశీది చెడ్డది అని తేల్చెయ్యలేను. ఇదే విటాల్బా న్యూజిలాండ్ చేరి, అక్కడి అడవిచెట్ల మీద కమ్ముకుని ఊపిరాడనివ్వడం లేదు. ఏ మొక్కైనా వెళ్ళినచోట ఎవరికి ఏం పెడుతోంది, ఎవరి చోటు లాక్కుంటోంది అన్నదే లెక్క. ఆ లెక్క మనకీ వర్తిస్తుందేమో.

పెద్దావిడ తన కంచెలో మొలిచిన విటాల్బా పిలక ఒకటి తవ్వి ఇచ్చింది. దాన్ని కంచె చివర నాటాను. జాక్మానీని తియ్యలేదు. మూడో చలికాలానికి గింజల గుత్తులు కట్టాయి. కత్తెర షెడ్డులోనే ఉంచాను. జనవరిలో ఒక ఉదయం ఎర్రమొహం పిట్టలు రెండు వచ్చి వాలాయి. నేను కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.