ఆకు రాలకముందే మంచు

కాశ్మీర్‌లో షోపియాన్‌కి ఎగువన ఉన్న ఆపిల్ తోటలో మధ్యాహ్నం ఎండ ఇంకా వీపు కాలుస్తోంది. నవంబరు మొదటి వారం. తలెత్తి చూస్తే సూర్యుడి చుట్టూ పలచని వలయం కట్టి ఉంది. పీర్ పంజాల్ శిఖరాల వెనక నుంచి పాలిపోయిన మబ్బు ఆకాశం నిండా పరుచుకుంటూ వస్తోంది. చెట్లెక్కి కాయ కోస్తున్న వాళ్లెవరూ దానివైపు చూడటం లేదు. చూడాల్సిందేదో పొద్దున్నే ఫోన్లో చూసేశారు: రేపు మధ్యాహ్నం నుంచి ఎల్లుండి తెల్లవారేదాకా ఎత్తైన చోట్ల మంచు, లోయలో వాన. ఆపైన వారం పాటు పొడి వాతావరణం, పగటి వేడి కొద్దికొద్దిగా పెరుగుతుంది.

ఇదే కబురు గుల్‌మార్గ్ హోటళ్లలో పండగలా తిరుగుతోంది. ఇక్కడ మాత్రం నిచ్చెనలు మారే వేగం పెరిగింది. డెలీషియస్ కాయ చాలావరకు దిగిపోయింది. చెట్ల మీద మిగిలింది మహరాజీ. పులుపు తగిలే రకం, రంగు ఆలస్యంగా పట్టుకుంటుంది. తోట యజమాని ముసలాయన ఫెరన్ అంగీ చేతులు పైకి మడిచి పెట్టెలు లెక్కపెడుతున్నాడు. పక్కనే అల్లుడు కాయ తెంపేవాళ్ల మీద కేకలేస్తున్నాడు. "కాయ సంగతి వదిలెయ్ బేటా," అంటాడు ముసలాయన, "ఆకు చూడు. ఒక్క ఆకైనా రాలిందా?"

రాలలేదు. పసుపు తిరిగాయంతే, కొమ్మకు గట్టిగానే పట్టుకుని ఉన్నాయి. ఆయన భయమంతా అక్కడే.

తుఫాను అనగానే మనకు బంగాళాఖాతం గుర్తొస్తుంది. పేరు పెట్టి, అది తీరం దాటేదాకా టీవీల్లో గంటగంటకూ చూపిస్తారు. కాశ్మీరానికి వచ్చేది వేరే జాతి. మధ్యధరా సముద్రం వైపు పుట్టి, ఆకాశంలో చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు పరిగెత్తే గాలి ప్రవాహాన్ని పట్టుకుని, ఇరాన్, అఫ్ఘానిస్తాన్‌ల మీదుగా వచ్చి హిమాలయాలకు కొట్టుకుంటుంది. దాన్ని పశ్చిమ అలజడి అంటారు. పేరూ ఊరూ ఉండవు. చలికాలమంతా ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి, అవి రాకపోతే ఇక్కడి నదులకు వేసవిలో నీళ్లుండవు. కాబట్టి దాన్ని ఎవరూ తిట్టరు. వచ్చే వేళ చూసి మాత్రం వణుకుతారు.

మర్నాడు మధ్యాహ్నం గాలి తిరిగింది. చినుకులు మొదట తోట అంచున ఉన్న పోప్లర్ల మీద వినిపించాయి, తర్వాత రేకుల మీద. సాయంత్రానికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి, కాంగ్డీ కుంపట్లు ఫెరన్ల లోపలికి చేరాయి. పూంచ్ వైపు వెళ్లే మొఘల్ రోడ్డు మూసేశారని కబురు వచ్చింది. ఆ దారిలో పీర్ కీ గలీ కనుమ 3,485 మీటర్ల ఎత్తున ఉంటుంది, అక్కడ మధ్యాహ్నమే మంచు మొదలైందట. గొర్రెల మందలతో బకర్వాల్‌లు ఎక్కువమంది ఈపాటికి కనుమ దాటి రాజౌరీ, పూంచ్ వైపు దిగిపోయి ఉంటారు. వెనకబడిన ఒకటి రెండు కుటుంబాల గురించి వంటింట్లో ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

ఇక మిగిలింది లెక్క. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. శ్రీనగర్ సుమారు 1,585 మీటర్లు, షోపియాన్ రెండు వేల పైచిలుకు. అక్కడ వాన అయినది ఇక్కడ మంచు కావడానికి తేడా మూడు డిగ్రీలు, అంతే. అదీ ఒకచోట నిలిచే లెక్క కాదు. పడుతున్న మంచు కరగాలంటే చుట్టూ ఉన్న గాలిలోని వేడినే లాక్కుంటుంది, గాలి చల్లబడుతుంది. వాన ఎంత జోరుగా పడితే మంచుగీత కొండ మీద నుంచి అంత కిందికి దిగుతుంది. సూచనలో "ఎత్తైన చోట్ల" అన్న మాటకు సరిహద్దు ఎక్కడో ఈ రాత్రి ఈ వాలు మీద తేలాలి.

రాత్రి పదకొండు దాటాక రేకుల మీద చప్పుడు మందగించింది. వాన తగ్గిందనుకుని లేచి తలుపు తీస్తే టార్చి వెలుగులో తెల్లటి పెద్దపెద్ద రేకలు బరువుగా దిగుతున్నాయి. సున్నా డిగ్రీల దగ్గర పడే మంచు ఇలాగే తడిగా, జిగురుగా ఉంటుంది. జనవరిలో ఎముకలు కొరికే చలిలో పడే పొడిమంచు కొమ్మ మీద ఆగదు, గాలికి జారిపోతుంది. ఇది అంటుకుంటుంది. ఆకులున్న చెట్టుకైతే అంటుకోవడానికి వేల చోట్లు.

పొడుగాటి కర్రలు పట్టుకుని ఇంటిల్లిపాదీ తోటలోకి నడిచారు. కొమ్మను కొట్టకూడదు, కింది నుంచి మెల్లగా ఎత్తి కుదపాలి. తడిమంచు ముద్దలు ముద్దలుగా మెడ మీద పడి వీపులోకి జారుతుంది. మీ చేతికీ ఒక కర్ర ఇచ్చారు. నాలుగు చెట్లు దులిపేసరికి భుజాలు లాగేస్తాయి, వెనక్కి తిరిగి చూస్తే మొదటి చెట్టు మళ్లీ తెల్లగా వంగి ఉంటుంది. ఎక్కడో పై తోటలో ఫెళ్లుమని ఒక చప్పుడు. ఎవరూ మాట్లాడరు. ఇంకాసేపటికి మరొకటి.

2018 నవంబరు 3న ఇలాగే అయింది. మరుసటి ఏడాది నవంబరు 7న అంతకు మించి. ఆ రెండుసార్లూ ఆకు, కాయ ఉన్న చెట్లు నిలువునా చీలిపోయాయి. పండిన కాయ పోతే ఒక ఏటి నష్టం. పాతికేళ్ల చెట్టు మొదలు దగ్గర చీలితే, మళ్లీ నాటిన మొక్క పూర్తి కాపుకు వచ్చేసరికి ఇంట్లో ఒక తరం మారుతుంది. మంచు అంటే బొమ్మలు చేసి ఫొటోలు దిగడమే అనుకునే మనలాంటి వాళ్లకు ఈ లెక్క అంత తేలిగ్గా తలకెక్కదు.

తెల్లారేసరికి ఆగింది. ఈ తోటలో పడింది నాలుగు వేళ్ల మందం, విరిగినవి రెండు పెద్ద కొమ్మలు. పై ఊళ్లో ఇంకా ఎక్కువ పోయాయంటున్నారు. మధ్యాహ్నానికి మబ్బు చీలింది. కొండల మీద కొలబద్ద పెట్టి గీసినట్టు ఒక గీత: పైన తెలుపు, కింద తడిసిన గోధుమరంగు. ఎండ కాస్తోంది, అందరి మొహాలూ తేలికపడ్డాయి. నన్నడిగితే అసలు జాగ్రత్త పడాల్సింది ఇప్పుడే.

మబ్బు ఉన్నంతసేపూ నేల వదిలే వేడిని అది పట్టి ఉంచింది. ఇప్పుడు ఆకాశం ఖాళీ, గాలి లేదు. పొద్దు కుంకిన దగ్గర్నుంచి వేడి నేరుగా పైకి పోతుంది. అందుకే మంచు కురిసిన రాత్రి కంటే నక్షత్రాలు మెరిసే ఈ రాత్రే చలి ఎక్కువ. వాతావరణ కేంద్రం ఉష్ణమాపకం నాలుగడుగుల ఎత్తున, తెల్ల చెక్కపెట్టెలో నీడన ఉంటుంది. అది ఒక డిగ్రీ చూపిస్తున్నప్పుడు కింద గడ్డి అప్పటికే సున్నాకు దిగువన ఉంటుంది. చల్లగాలి బరువెక్కి వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది కాబట్టి, ఇదే తోటలో వాగు పక్క చెట్లకు ఒక వాతావరణం, గట్టు మీద చెట్లకు మరొకటి.

మర్నాడు పొద్దున ఆరున్నరకి బయటికొస్తే గడ్డి పరకలన్నీ ఉప్పు అద్దుకున్నట్టు తెల్లగా ఉన్నాయి, అడుగు వేస్తే కరకరమంటున్నాయి. పెరట్లో బంతిచెట్లు నల్లగా వాడిపోయాయి. హాక్ ఆకుకూర మాత్రం ఆకుల అంచున మంచు పూసుకుని హాయిగా ఉంది. ఈ చలి తగిలాకే దానికి తీపి వస్తుందని కోడలు నవ్వుతూ చెబుతుంది. మిగిలిన మహరాజీ కాయల మీద సన్నని మంచుపొర. మీ చెయ్యి అటు సాగిందో లేదో ముసలాయన వారించాడు. చల్లదనం పట్టిన కాయను ఇప్పుడు ముట్టుకుంటే వేలు నొక్కిన చోటల్లా రేపటికి గోధుమరంగు మచ్చ. ఎండ పడి, పొర కరిగి, కాయ ఆరేదాకా ఆగాలి. అందరూ గిర్దా రొట్టెలు, ఉప్పు టీ ముందేసుకుని పది దాకా ఎదురుచూస్తారు. ఆ టీ మన నాలుకకు అలవాటు కావడానికి కాస్త సమయం పడుతుందని ఒప్పుకోవాలి.

అప్పటి నుంచి సూచనలో చెప్పినట్టే, రోజురోజుకూ పగలు వెచ్చబడింది. అలజడి తూర్పుకు వెళ్లిపోయి, వెనకాల పైనుంచి కిందికి దిగే గాలి కమ్ముకుంది. మధ్యాహ్నం స్వెటర్ విప్పాలనిపిస్తుంది, రాత్రి మళ్లీ సున్నా దగ్గరే. పాంపోర్ పొలాల్లో చివరి కుంకుమపూలను తెల్లవారకముందే కోసుకుంటున్నారు. గ్రాము కుంకుమపువ్వుకు దాదాపు నూటయాభై పూలు కావాలి. ఊళ్లలో రాలిన చినార్ ఆకులు, కత్తిరించిన పుల్లలు కుప్పపోసి, నీళ్లు చల్లుతూ కాల్చి బొగ్గు చేస్తున్నారు, చలికాలం కాంగ్డీలకు. సాయంత్రం చల్లగాలి లోయ అడుగున మూతపడగానే ఆ పొగంతా పైకి పోలేక ఊళ్ల మీదే ఆగిపోతుంది. తెల్లవారుజామున అది జీలం మీది పొగమంచుతో కలిస్తే గొంతు గరగరమంటుంది. ఎండకాలం ముద్దుగా తిరిగొచ్చిందని సంబరపడేవాళ్లు ఈ దగ్గును లెక్కలోకి తీసుకోరు.

పెట్టెలు లారీకెక్కుతున్నాయి. వానకు రాంబన్ దగ్గర కొండచరియ జారి జాతీయ రహదారి 44 ఒక రోజు ఆగింది, ఇప్పుడు ఒకవైపు వదిలారు. కాజీగుండ్ దాటితే ఎనిమిదిన్నర కిలోమీటర్ల సొరంగం, ఆవల బనిహాల్. డ్రైవరు బండి కింద దూరి టైర్లు చూసుకుంటున్నాడు. పగలు కరిగిన నీరు రాత్రి రోడ్డు మీద కనపడని గాజుపొరై కూర్చుంటుంది కాబట్టి పొద్దెక్కాకే కదులుతానంటున్నాడు. అదే రోడ్డు జమ్మూ, ఢిల్లీ, నాగపూర్‌ల మీదుగా హైదరాబాద్ వచ్చి, కర్నూలు, అనంతపురం దాటి కన్యాకుమారి దాకా పోతుంది. ఈ పెట్టెలు హైదరాబాద్ శివారు బాటసింగారం పండ్ల మార్కెట్‌కే అన్నాడు. దారి ఆగిన లారీలన్నీ ఒకేసారి దిగితే అక్కడ రేటు పడిపోతుందని ముసలాయన బెంగ.

అల్లుడు ఫోన్ చూపించాడు: వచ్చే వారాంతానికి ఇంకో అలజడి, ఈసారి ఎంత బలమో ఇంకా తేలలేదు. ముసలాయన ఫోన్ వైపు చూడలేదు. దగ్గర్లో ఉన్న కొమ్మను పట్టుకుని ఒక్క కుదుపు కుదిపాడు. సగం ఆకులు రాలాయి.

"ఇంకో ఐదు రోజులు ఎండ కాస్తే చాలు," అని నిచ్చెన ఎత్తి భుజాన వేసుకున్నాడు.