వాసన పట్టే పెన్సిల్ గీత

పెన్సిల్ చేతిలోకి తీసుకోండి. పైన నొక్కితే లెడ్ బయటికొచ్చే మామూలు పెన్సిలే. బెంచి మీద చిన్న కాగితం ముక్క ఉంది. దాని మీద రెండు బంగారు పట్టీలు, వాటి మధ్య సన్నటి ఖాళీ. ఆ ఖాళీ కలిసేలా ఒక గీత గీయండి. కాగితం మీద లెడ్ కొంచెం గరగరమంటుంది. అదే గీత మీద ఇంకోసారి, మరోసారి. మల్టీమీటరు మీద ఓ కన్నేసి ఉంచండి. ఇందాకటిదాకా ఆ పట్టీల మధ్య కరెంటు పోయే దారే లేదు. గీత నల్లబడేకొద్దీ నిరోధం పడిపోతూ వేల ఓముల్లోకి దిగింది. ఇక చాలు. గ్యాస్ సెన్సర్ తయారైపోయింది.

ఇది 2012వ సంవత్సరం. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జి ఊళ్లో ఎంఐటీ రసాయనశాస్త్ర విభాగం. టిమోతీ స్వేగర్ ల్యాబులో కేథరిన్ మిరికా, ఆమె తోటివాళ్లు ఈ పద్ధతిని ప్రచురించిన ఏడాది. అంతకుముందు ఇలాంటి సెన్సర్ చేయాలంటే సాధారణంగా నానోట్యూబులనే అతి సన్నటి గొట్టాలను ఘాటైన ద్రావకంలో వేసి, అల్ట్రాసౌండ్‌తో విడదీసి, చిప్ మీద చుక్కలుగా వేసి ఆరబెట్టాలి. ఆ ట్యూబులు ద్రావకంలో కుదురుగా ఉండవు, మళ్లీ ముద్దకట్టేస్తాయి. గీతకు ద్రావకంతో పనే లేదు.

లెడ్ ఎలా వచ్చిందో చూడాలంటే పక్కనున్న ఫ్యూమ్ హుడ్ దగ్గరికి రండి. గ్లవ్స్ వేసుకోండి. సీసాలో ఉన్న నల్లటి పొడి మసికంటే తేలిక. మూత తీసేటప్పుడు గట్టిగా ఊపిరి కూడా వదలొద్దు, లేచిపోతుంది. లేచింది ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు. పొడిని ఉక్కు అచ్చులో పోసి ప్రెస్‌తో గట్టిగా అదిమితే పెన్సిల్లో పట్టే చిన్న కడ్డీ బయటికొస్తుంది. ఎగిరే పొడి గట్టిపడి చేతికి అందే వస్తువైంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఆ పొడిలో ఉన్నవి కార్బన్ నానోట్యూబులు. ఒకే ఒక్క పరమాణువు మందం ఉన్న గ్రాఫైట్ పొరను చాప చుట్టినట్టు చుడితే వచ్చే గొట్టం అది. అడ్డుకొలత సుమారు ఒక నానోమీటరు. మన తల వెంట్రుక దీనికి దాదాపు 80 వేల రెట్లు లావు. జపాన్‌లో ఎన్ఈసీ సంస్థ శాస్త్రవేత్త సుమియో ఇజిమా 1991లో పొరలు పొరలుగా ఉన్న గొట్టాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి ప్రపంచానికి చెప్పాడు. ఒంటి పొర గొట్టాలు 1993లో వచ్చాయి. వాసన పట్టే పనికి ఈ ఒంటి పొరే ఆయువుపట్టు. రాగి తీగలో కరెంటు లోపలి నుంచి పోతుంది, పైన ఏది వాలినా దానికి పట్టదు. ఈ గొట్టానికి లోపల అంటూ వేరే పదార్థం లేదు. ఉన్న ప్రతి పరమాణువూ ఉపరితలం మీదే ఉంది. ఏ అణువు వచ్చి తాకినా కరెంటు పోయే దారినే తాకుతుంది.

ఇప్పుడు కాగితాన్ని మూత ఉన్న పెట్టెలో పెట్టి, తీగలు తగిలించి, నైట్రోజన్ వదలండి. తెర మీద కరెంటును చూపే రేఖ సమంగా సాగుతోంది. పక్క సిలిండరు నుంచి అమ్మోనియా వాల్వు తిప్పండి. కొన్ని పీపీఎం చాలు, అంటే గాలిలో పది లక్షల పాళ్లకు కొన్ని పాళ్లు. రేఖ వంగింది. మీరేమీ అనుకోకముందే కిందికి జారడం మొదలుపెట్టింది. కొద్ది శాతమే, అయినా స్పష్టంగా కనిపిస్తోంది. ఈ గీతలు సగం పీపీఎం అమ్మోనియాను కూడా పసిగట్టాయి.

ఎందుకు వంగింది? మామూలు గాలిలో ఉన్న నానోట్యూబు మీద ఆక్సిజన్ ప్రభావం ఉంటుంది. ఎలక్ట్రాన్లు కొన్ని తగ్గి, ఆ ఖాళీలే కరెంటును మోస్తుంటాయి. అమ్మోనియాకు ఎలక్ట్రాన్ ఇచ్చే గుణం ఉంది. అది వచ్చి వాలగానే కొన్ని ఖాళీలు పూడిపోతాయి, కరెంటు తగ్గుతుంది. నైట్రోజన్ డయాక్సైడ్ దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది, కరెంటు పెరుగుతుంది. పైగా గీతలో గొట్టాలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి కదా, ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి కరెంటు దూకే చోట్ల కూడా ఈ అణువులు అడ్డుపడతాయి.

సగం పీపీఎం అంటే ఏమిటో మన ముక్కుతో పోల్చి చూడండి. చాలామందికి అమ్మోనియా ఘాటు తెలిసేసరికే సుమారు 5 పీపీఎం దాటుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ రోజంతా పనిచేసేవారికి సూచించిన హద్దు 25. 300 చేరితే ప్రాణానికే ముప్పు. అందులోనే ఉంటూ ఉంటే ముక్కు ఆ వాసనకు అలవాటుపడి చెప్పడం తగ్గించేస్తుంది. ఈ అంకెలు చూస్తుంటే నాకు భీమవరం, కాకినాడ వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లే గుర్తుకొస్తాయి. అక్కడి ఫ్రీజర్లను చల్లబరిచేది చాలాచోట్ల అమ్మోనియానే. పైపుల అవతల పీలింగ్ షెడ్డులో రొయ్యలు వలిచే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి. లీకు సంగతి అందరికంటే ముందు తెలియాల్సింది వాళ్లకు.

వాల్వు కట్టేయండి. మళ్లీ నైట్రోజన్. రేఖ పైకి లేస్తోంది గానీ నింపాదిగా. చిక్కు ఇక్కడే ఉంది. పట్టుకోవడం ఈ గొట్టాలకు సులువు, వదిలిపెట్టడమే కష్టం. 2000 జనవరిలో స్టాన్‌ఫర్డ్‌లో హాంగ్జీ డై బృందం ఒక్క నానోట్యూబును గాజు ఫ్లాస్కులో పెట్టి ఈ ప్రయోగం మొదటగా చూపించింది. ఆ పత్రానికి మొదటి రచయిత్రి జింగ్ కాంగ్, తర్వాత ఇదే ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యారు. 200 పీపీఎం నైట్రోజన్ డయాక్సైడ్ తగిలిన 10 సెకన్లలో కరెంటు వెయ్యి రెట్ల దాకా పెరిగింది. మళ్లీ మొదటి స్థితికి రావడానికి ఆర్గాన్ వాయువులో 12 గంటలు పట్టింది. లేదంటే 200 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచాలి. పొద్దున ఒక లీకు చెప్పి సాయంత్రం దాకా మూగబోయే కాపలాదారుతో ఏం పని?

రెండో చిక్కు ఇంకా పెద్దది. రేఖ వంగిందని తెలుసు, ఏ వాయువుకు వంగిందో దానంతటది చెప్పదు. పెట్టెలోకి తేమ గాలి పంపితే, అమ్మోనియా లేకపోయినా రేఖ కదులుతుంది. అందుకే గొట్టాలకు తోడు ఇవ్వాలి. స్వేగర్ ల్యాబులోనే బిర్గిట్ ఎసర్, యాన్ ష్నోర్ 2012లోనే నానోట్యూబులకు రాగి ఉన్న ఒక సమ్మేళనం కలిపారు. ఆ ఆలోచన మొక్కల నుంచి వచ్చింది. కాయ పండాలన్న కబురు ఇథిలీన్ రూపంలో వచ్చినప్పుడు మొక్క దాన్ని గుర్తుపట్టేది తన ప్రొటీనులోని రాగితోనే. ఇథిలీన్ వచ్చి రాగిని పట్టుకోగానే గొట్టంలో నిరోధం పెరుగుతుంది. అరటి, అవకాడో, ఆపిల్ లాంటి పండ్లు పక్కన పెడితే ఆ సెన్సర్ వాటి ఇథిలీన్‌ను కనిపెట్టింది. మామిడి మాగబెట్టడానికి కార్బైడ్ వాడడం మనదేశంలో నిషేధం, దాని బదులు ఇథిలీన్‌ను 100 పీపీఎం దాకా వాడొచ్చని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ చెప్పింది. మాగబెట్టే గదిలో ఆ వంద దాటిందా లేదా అన్నది గోడ మీదే కనిపించడానికి ఇలాంటి సెన్సర్ పనికొస్తుంది.

ఇప్పుడు బాల్ మిల్లు దగ్గరికి రండి. నానోట్యూబు పొడిలో ఒక వాయువుకు స్పందించే సమ్మేళనం వేసి, ఉక్కు గుండ్లతో కలిపి తిప్పుతారు. కలిసిన పొడిని మళ్లీ అచ్చులో అదిమితే కొత్త లెడ్. ఇంకో సమ్మేళనంతో ఇంకో లెడ్. 2013కల్లా ఈ బృందం బంగారు పట్టీలు కూడా వదిలేసి, వాటి చోట గ్రాఫైట్‌నే గీసింది. ఒకే కాగితం మీద పక్కపక్కన వేర్వేరు పెన్సిళ్లతో గీయండి. వాయువు వదలండి. ఒక రేఖ బాగా వంగింది, ఒకటి కొంచెం, ఇంకోటి కదల్లేదు. ఏది ఎంత వంగిందన్న పోలికను బట్టి వచ్చింది ఏ ఆవిరో తేల్చుకోవచ్చు.

ఇవాళ అమ్మోనియా ప్లాంట్లలో ఎక్కువగా కనిపించేవి ఎలక్ట్రోకెమికల్ సెల్ సెన్సర్లు. నమ్మకమైనవే గానీ రెండు మూడేళ్లకు లోపలి సెల్ అయిపోతుంది, మార్చాలి. ఖరీదు చూసుకుని కంప్రెసర్ గదిలో ఒకటో రెండో పెడతారు. గీతల సెన్సరు పనికొచ్చిన రోజున ప్రతి వాల్వు పక్కనా, ప్రతి ఫ్లాంజి జాయింటు కిందా, ప్రతి పంపు సీలు దగ్గరా ఒక కాగితం అంటించొచ్చు. అంతకుముందు అది గెలవాల్సిన పరీక్ష ఈ ల్యాబులోని పొడి నైట్రోజన్‌లో లేదు. నేలను పూటపూటకీ నీళ్లతో కడిగే, గోడలకు ఉప్పు గాలి పట్టే, ఎండాకాలం మధ్యాహ్నం తలుపు తీస్తే ఆవిరి కొట్టే షెడ్డులో నెలల తరబడి తప్పు చెప్పకుండా నిలవాలి.