చిత్రావతి నీరు - పోరుమామిళ్ళ శాసనము

పుట్టపర్తి సముద్రమునకు ఎంతో దూరము. అయినను అక్కడ చిత్రావతిలో పడిన వానచినుకు, దారిలో ఇంకిపోకున్నచో, గండికోట ప్రాంతమున పెన్నను కలిసి, నెల్లూరు దిగువన బంగాళాఖాతమును చేరవలసినదే. కాని ఏటిలో సంవత్సరములో ఎక్కువ కాలము కనబడునది ఇసుక మాత్రమే.

దీనికి కారణము ఆకాశములోను ఉన్నది, నేలలోను ఉన్నది. నైరృతి గాలులు తమ తేమను పడమటి కనుమల మీదనే చాలవరకు వదలివేయును. బంగాళాఖాతపు వాయుగుండములు ఇంత లోపలికి వచ్చుసరికి బలము కోల్పోవును. అందుచేత అనంతపురం పీఠభూమికి దక్కు వర్షము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు; అందులోను అధికభాగము కొద్ది వానలలోనే కురిసిపోవును. నేల క్రింద 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు, నైసు రాళ్ళు. వీటి పగుళ్ళలో తప్ప నీరు నిలువదు. కురిసిన నీరు పరుగెత్తకముందే పట్టుకొనవలెను. ఈ సీమలో ఇన్ని చెరువులు వెలసినది అందుకే.

ఈ విద్యను మన పూర్వులు ఎంత లోతుగా ఎరిగి ఉండిరో చెప్పు శాసనమొకటి పెన్న పరీవాహకములోనే, కడప జిల్లా పోరుమామిళ్ళలో కలదు. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో అక్కడ చెరువు కట్టించి, ఆ సంగతిని సంస్కృత శ్లోకములలో రాతిపై చెక్కించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల శ్రమ! మంచి చెరువునకు పన్నెండు అంగములు కావలెనట. మొదటిది ధనవంతుడు, కీర్తికాముడు అయిన రాజు; జలశాస్త్రము తెలిసినవాడు రెండవ స్థానమున. (ఈ వరుస నేటికిని పెద్దగా మారలేదు.) తరువాత గట్టి బంకనేల, తీయని నీటి ఏరు, కొండల నడుమ పొడవు తక్కువై దృఢముగా నుండు కట్ట, దగ్గరలో రాతిగని, పని తెలిసిన కూలీలు మున్నగునవి.

దోషములు ఆరు. కట్ట ఊటవారుట, చవుడునేల, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, నీరు ఎక్కువై నేల తక్కువగుట: ఈ ఐదును ఇంజనీరు చూడగలవే. ఆరవది మాత్రము వేరు జాతిది. రెండు రాజ్యముల సరిహద్దున చెరువు ఉండరాదట!

చిత్రావతి కథ చూడుడు. అది పుట్టినది కర్ణాటకములోని చిక్కబళ్ళాపుర ప్రాంతమున. బాగేపల్లి మీదుగా మనవైపు దిగును. ఎగువన కట్ట వేసినచో దిగువ చెరువు ఎండును. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వములు నదీజలములపై ఒడంబడిక చేసికొన్నప్పుడు ఆ జాబితాలో పెన్న, చిత్రావతి, పాపాఘ్ని కూడ చేరినవి. రాజ్యములు పోయి రాష్ట్రములు వచ్చినవి. 2003లో బాగేపల్లి దగ్గరి పరగోడు ఆనకట్టపై మరల వివాదము రేగినది. శాసనకర్తలు భూమి వాలును చదివినట్లే సరిహద్దును కూడ చదివిరి. నా దృష్టిలో శాసనమున మిక్కిలి ఆధునికమైన భాగము ఇదే.

ఇప్పుడు శ్రీశైలము నుండి కృష్ణాజలములను హంద్రీ-నీవా కాలువలో ఎత్తిపోసి ఈ పీఠభూమికి తెచ్చుచున్నారు. అయినను పాత చెరువుల పరీక్ష తీరలేదు. పుట్టపర్తి ప్రాంతపు ఉపాధ్యాయులు పిల్లలను బుక్కపట్నము చెరువుకట్ట మీదికి తీసికొనిపోయి, కట్ట కొనలు దేనిని ఆనుకొన్నవో, మట్టి ఎటువంటిదో, నీరు ఏ దిక్కునుండి వచ్చునో వ్రాయింపవచ్చును. పన్నెండింటిలో ఎన్ని అంగములు కుదిరినవో, ఆరింటిలో ఎన్ని దోషములున్నవో వారే లెక్కపెట్టగలరు.