జంట తీగలు, ఒంటి తీగలు

నూటికి 5.946 వంతున వడ్డీ వేసి, ప్రతి వాయిదాకూ దాన్ని అసలులో కలుపుకుంటూ పోతే, పన్నెండో వాయిదా నాటికి అసలు రెట్టింపవుతుంది. ఇన్నేళ్ళ బ్యాంకు ఉద్యోగంలో ఇంత వింత వడ్డీ రేటు ఏ సర్క్యులర్‌లోనూ నేను చూడలేదు. కాని గిటారు మెడ మీద మెట్లు ఎక్కడెక్కడ బిగించాలో చెప్పేది అచ్చంగా ఈ చక్రవడ్డీ లెక్కే. సంగీతం నేర్చుకోని బి.కాం. వాడికి ఈ సంగతి తెలియడానికి కారణం మా పావగడలోని ఒక వడ్రంగి కుర్రవాడు. పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటారు ఒకటి సొంత చేతులతో చేయాలని పూనుకుని, మెట్ల లెక్క సరిచూసి పెట్టమని నా దగ్గరికి వచ్చాడు.

లెక్క ఇదీ. తీగ రెండు కొసల ఆనికల మధ్య పొడవు 648 మిల్లీమీటర్లు అనుకుందాం. గిటార్లలో ఇది బాగా వాడుకలో ఉన్న కొలతే. దాన్ని 17.817 చేత భాగిస్తే 36.4 వస్తుంది. పై ఆనిక నుంచి అంత దూరంలో మొదటి మెట్టు. మిగిలిన 611.6ను మళ్ళీ 17.817 చేత భాగిస్తే 34.3. మొదటి మెట్టు నుంచి అంత దూరంలో రెండోది. ఇలా చేసుకుంటూ పోతే పన్నెండో మెట్టు 324 దగ్గర, అంటే తీగకు సరిగ్గా నడిమధ్యన పడుతుంది. అక్కడ నొక్కితే పై స్థాయి షడ్జం. తీగ పొడవు తరుగుతూ ఉంటే శ్రుతి చక్రవడ్డీ లాగా పెరుగుతూ ఉంటుందన్నమాట. అర మిల్లీమీటరు తప్పినా చెవికి తెలిసిపోతుందని, మా కుర్రవాడు పెన్సిలు గీత మానేసి కత్తిమొనతో గీతలు గీసుకున్నాడు.

వీణ చేసేవారికి ఈ భాగహారంతో పని లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మానును తొలిచి కుండ, దండి కలిపి ఏకాండ వీణ చేస్తారు. దండి మీద మైనం పెట్టి 24 మెట్లనూ చెవితో విని నిలబెడతారు. దాన్ని మేళం కట్టడం అంటారు. మైనం మెత్తబడి మెట్టు కదిలితే మళ్ళీ కట్టుకోవచ్చు. గిటారు మెట్టు అలా కాదు, గాడిలో దిగిందంటే దిగిందే.

ఇక పన్నెండు తీగలంటే పన్నెండు వేరువేరు శ్రుతులు కావు, ఆరు జంటలు. కింది స్థాయి జంటలు నాలుగింటిలో ఒక లావు తీగ, దాని పక్కనే ఒక స్థాయి పైన పలికే సన్న తీగ ఉంటాయి. పై జంటలు రెండింటిలో రెండు తీగలదీ ఒకే శ్రుతి. ఎంత బాగా శ్రుతి చేసినా రెండింటి మధ్య వెంట్రుకవాసి తేడా మిగిలే ఉంటుంది. ఆ తేడా వల్లనే ఇద్దరు కలిసి పాడినట్లు నాదం మిలమిలలాడుతుంది. ఎలక్ట్రిక్ రకంలో అమెరికాలోని డానెలెక్ట్రో కంపెనీ 1961లో ఒకటి తెచ్చింది. దానికి పేరు తెచ్చింది మాత్రం 1964లో బీటిల్స్ జట్టులోని జార్జ్ హారిసన్ చేతికి వచ్చిన రికెన్‌బాకర్ గిటారు. ‘ఏ హార్డ్ డేస్ నైట్’ పాట మొదట్లో ఒక్కసారిగా మోగే ఆ మోత దానిదే. తలకట్టు జానెడు పొడవు పెరగకుండా ఆరు బిరడలను పక్కకు, ఆరింటిని వెనక్కి తిప్పి అమర్చిన ఉపాయం కూడా రికెన్‌బాకర్ వారిదే. మా వాడు బొమ్మ చూసి అదే పట్టుకున్నాడు.

చేసేవాడికి అసలు కష్టం బరువు. మామూలు ఎలక్ట్రిక్ గిటారు మెడను ఆరు తీగలు కలిసి సుమారు 45 కిలోల బలంతో లాగుతాయి. పన్నెండైతే దానికి దాదాపు రెట్టింపు. పచ్చి కర్ర అయితే ఆరు నెలల్లో విల్లులా వంగుతుంది. అందుకే పాత ఇంటి టేకు దూలం సంపాదించాడు. మెడ లోపల గాడి తొలిచి, మర తిప్పి బిగించుకునే ఇనుప కడ్డీ ఇమిడ్చాడు. తీగల కింద అయస్కాంతాలు పెట్టి, వాటి చుట్టూ రాగి తీగ కొన్ని వేల చుట్లు చుట్టాలి. మా తాలూకాలో బోరు మోటార్లకు రాగి చుట్టే అంగళ్ళకు కొదవ లేదు గాని, ఆ తీగ దీనికి పనికిరాదు. తల వెంట్రుకంత సన్నది కావాలి. అది బెంగళూరు నుంచి తెప్పించాడు. ఇంకో సంగతి: ఈ అయస్కాంతం ఉక్కు తీగ కదలికనే పట్టుకుంటుంది, ఇత్తడిని పట్టించుకోదు. మంద్ర తీగలు ఇత్తడివైన వీణకు ఇది పెట్టి లాభం లేదు, ఒంటికి అంటించే మైకు కావాలి.

సగం పని అయినాక ఒకనాడు అడిగాడు: “సార్, మన కీర్తనలు దీంట్లో పలుకుతాయంటారా?”

అడగవలసిన ప్రశ్నే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, శనివారం భజనలో త్యాగరాజస్వామి. మూడు దిక్కులా ఆంధ్ర సరిహద్దు ఉన్న మా తాలూకాలో చాలామంది పెంపకం ఇదే కదా. కీర్తన పలకని వాద్యం ఎంత మిలమిలలాడినా అతనికి పరాయిదే. సంగీతం తెలిసిన పెద్దలను అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకున్నది చెబుతాను.

మన సంగీతానికి ప్రాణం గమకం. ఒక మెట్టు మీద తీగను పక్కకు లాగి పై స్వరాన్ని పలికించడం, ఒక్క మీటులో రెండు మూడు స్వరాలు దొర్లించడం. జంట తీగలను ఇలా లాగితే లావు తీగ ఒక మేరకు, సన్నది మరొక మేరకు శ్రుతి పెరుగుతాయి. అప్పటిదాకా కలిసి పాడిన ఇద్దరూ చెరొక దారీ పడతారు. మిలమిల పోయి అపశ్రుతి మిగులుతుంది. అందుచేత, ఆరు తీగలు తీసేస్తే పలుకుతాయని చెప్పాను. అతని ముఖం చిన్నబోయింది. కాని ఆ మాట నా సొంతం కాదు, పాలకొల్లు పిల్లవాడొకడు ఏనాడో చేసి చూపించినది.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. ఆరో ఏట తండ్రిగారి మాండలిన్ తీసి వాయించడం మొదలుపెట్టాడు. మాండలిన్ కూడా జంట తీగల వాద్యమే: నాలుగు జంటలు, ఎనిమిది తీగలు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవాడు, పిల్లవాడు ఆ పాటను తీగల మీద వెతుక్కునేవాడు. నాకు ఈ సంగతి అన్నిటికంటె ముఖ్యమనిపిస్తుంది. మాండలిన్ తెలిసిన గురువే దొరికి ఉంటే వాద్యానికి అలవాటైన బాణీ నేర్పి ఉండేవాడు. ఇక్కడ గొంతు ఏది పలికితే అది వాద్యం పలకాలి, పలకకపోతే వాద్యాన్నే మార్చాలి.

మార్చాడు. జంటలు విడదీసి ఒంటి తీగలు చేశాడు. తరువాత కింది స్థాయి కోసం ఒక తీగ చేర్చాడు. ఎనిమిదిలో నాలుగు పోగా నాలుగు, ఒకటి కలిపితే ఐదు. విద్యుత్తు సంగతీ అంతే. మామూలు మాండలిన్‌లో మీటిన స్వరం ఇట్టే ఆరిపోతుంది. అందుకే దాన్ని వాయించేవారు ఒకే స్వరాన్ని టకటకా మీటుతూ నిలబెడతారు. అలా మీటుతూ పోతే గమకానికి చోటెక్కడిది? ఎలక్ట్రిక్ చేస్తే ఒక్క మీటు చాలాసేపు నిలుస్తుంది, ఆ వ్యవధిలో తీగను లాగవచ్చు. కరెంటు పెట్టింది ఆర్భాటానికని విసుక్కున్నవారు ఈ కిటుకు గమనించలేదనుకుంటాను.

1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో ఆ బాలుడి తొలి కచేరి. 1981లో మద్రాసు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. పరదేశపు వాద్యమేమిటని మొదట్లో అనుమానించినవారు లేకపోలేదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు రెండు వందల ఏళ్ళ కిందటే తెల్లవారి వయొలిన్‌ను మన సంగీతంలోకి తెచ్చారు గదా. అయితే వయొలిన్‌కు మెట్లు లేవు, జంటలు లేవు. శ్రుతి మార్చి, పట్టుకునే తీరు మార్చుకుంటే సరిపోయింది. మాండలిన్‌కు శస్త్రచికిత్సే కావలసి వచ్చింది.

విచిత్రమేమంటే, ఆ కాలానికి కాస్త ముందే ఇంగ్లాండుకు చెందిన జాన్ మెక్‌లాఫ్లిన్ అనే గిటారిస్టు ఎదుటి దిక్కు నుంచి ఇదే గమ్యానికి నడిచి వస్తున్నాడు. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టినవాడు. ఒక మెడకు ఆరు తీగలు, ఒక మెడకు పన్నెండు తీగలు ఉన్న జోడు మెడల ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. రెక్స్ బోగ్ అనే పనివాడు ఆయన కోసం అలాంటిదాన్ని ప్రత్యేకంగా చేతితో చేసి ఇచ్చాడు. ‘డబుల్ రెయిన్‌బో’ అని దానికి పేరు. అమెరికాలో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ వద్ద వీణ పాఠాలు చెప్పించుకున్న తరువాత, ఎల్. శంకర్, జాకిర్ హుసేన్, విక్కు వినాయకరామ్‌లతో ‘శక్తి’ బృందంలో కూర్చునే నాటికి ఆ జోడు మెడల గిటారు పక్కన పెట్టేశాడు. అబ్రహామ్ వెక్టర్ చేసిన కొత్త గిటారులో వాయించే తీగలు ఆరే, అన్నీ ఒంటివి. మెట్టుకూ మెట్టుకూ మధ్య కర్రను దోసిలిలా తొలిచారు, వేలి కింద చెక్క అడ్డం లేకుండా వీణలో లాగినట్లు లాగడానికి. వాటి కింద ఏటవాలుగా ఏడు శ్రుతి తీగలు. జంట తీగల మిలమిల వదులుకోలేక వాటిని వేరే చోట దాచుకున్నాడని నా ఊహ.

మా వాడికి ఈ గిటారు సంగతి కూడా చెప్పాను. కర్ర తొలవడం మాటకు కళ్ళు మెరిశాయి. ఉలి పని కదా!

మెక్‌లాఫ్లిన్, శ్రీనివాస్ ‘రిమెంబర్ శక్తి’ బృందంలో కలిశారు. 2000లో వచ్చిన ‘ది బిలీవర్’, 2001లో వచ్చిన ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’ రికార్డుల్లో ఇద్దరి వాద్యాలూ వినవచ్చు. శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, 45 ఏళ్ళకే పోయాడు. తమ్ముడు రాజేష్ వాయించేదీ ఎలక్ట్రిక్ మాండలినే.