వేట అడవి, అభయారణ్యం, మా అడవి

పాకాల, తాడ్వాయి, ఏటూరునాగారం పేర్లు వింటే ఇవాళ చాలామందికి విహారయాత్ర గుర్తొస్తుంది. మా కోయలకు ఈ పాత వరంగల్ జిల్లా అడవులు ఊళ్లు. ఇప్పపువ్వు ఏరుకునే చోట్లు, తునికాకు కోసే చోట్లు, వేల్పులున్న చోట్లు. ఈ అడవి ఎవరి కోసం అన్న ప్రశ్నకు చరిత్రలో జవాబు చాలాసార్లు మారింది. మమ్మల్ని అడిగి చెప్పింది మాత్రం తక్కువ.

మా పెద్దలు చెప్పే కథలో సమ్మక్క, వేటకు వెళ్లిన కోయదొరలకు పులుల నడుమ ఆడుకుంటూ దొరికిన పసిబిడ్డ. కరువులో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సేన మేడారం మీదికి వచ్చింది. అడవి ఫలం ఎవరిదన్న తగవు అంత పాతది.

నిజాం కాలంలో ఇవి దొరల వేటకు తావులయ్యాయి. 1902లో వైస్రాయి కర్జన్ నెక్కొండ దగ్గర పులిని చంపి, భార్యతో కలిసి దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు. మా తాతలూ వేటాడారు. అది కూటి కోసం.

1952లో పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలయ్యాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. జంతువులు బతకాలన్నదానికి మేము ఎదురు కాదు. కాని దొరల సరదాకూ మా ఆకలికీ ఉన్న తేడాను చట్టం చూడలేదు. పోడు, మేత, వంటచెరకు కూడా నేరాల లెక్కలోకి పోయాయి.

2006 అటవీ హక్కుల చట్టం మాకు జరిగినదాన్ని చారిత్రక అన్యాయమని ఒప్పుకుంది. సాగుభూమికి పట్టా ఇవ్వడం దానిలో ఒక భాగమే. సామూహిక అడవిని కాపాడే, నిర్వహించే హక్కును, వన్యప్రాణులను రక్షించే అధికారాన్ని అది గ్రామసభకు ఇచ్చింది. గ్రామసభ ఒప్పుకోకుండా వన్యప్రాణుల పేరిట ఊరిని కదిలించకూడదు. పట్టాల గురించి అందరం మాట్లాడుతున్నాం, ఈ రెండో భాగాన్ని మరిచిపోతున్నాం.

ఇప్పుడు లక్నవరంలో వేలాడే వంతెన ఉంది, బొగత జలపాతానికి బండ్లు వరుస కడుతున్నాయి. చూడవచ్చేవాళ్లు మాకు చుట్టాలే. అయితే ఏ దారి తెరవాలి, జంతువులు ఈనే కాలంలో ఏది మూయాలి, ప్లాస్టిక్ ఎవరు ఎత్తాలి, వచ్చిన రుసుములో ఊరికెంత అన్నవి గ్రామసభలో తేలాలి.

ఇది మాకు చేతకాదనేవాళ్లు మేడారం జాతర చూడాలి. రెండేళ్లకోసారి అభయారణ్యం నడుమ లక్షల జనం చేరుతారు. చిలకలగుట్ట నుంచి తల్లిని తెచ్చేది కోయ పూజారులే. ఆమె కదిలినప్పుడు పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతారు. ఆ నాలుగు రోజులు సర్కారు మా ఆచారం వెంట నడుస్తుంది. మిగతా రోజుల్లోనూ అడవి లెక్క గ్రామసభ ముందు పెట్టమని అడుగుదాం.